కొండదారిలో ఆఫ్‌లైన్ మ్యాప్ మొరాయిస్తే: సమస్య - కారణం - పరిష్కారం

ఒడిశాలోని రాయగడ, గజపతి, కొరాపుట్ జిల్లాల్లో పట్టణం దాటి నాలుగు మైళ్లు కొండల్లోకి వెళితే ఫోన్‌లో సిగ్నల్ పోవడం మనకు కొత్త కాదు. అందుకే ఈ ప్రాంతంలో తిరిగేవాళ్లలో చాలామంది ఆఫ్‌లైన్ మ్యాప్ ముందుగానే దింపుకొని బయల్దేరుతున్నారు. అయినా తీరా అవసరమైన చోట అది తెరుచుకోలేదని, ఊరి పేరు దొరకలేదని, ఉన్న చోటు తప్పుగా చూపించిందని గుణుపురంలో నా దగ్గరికి వచ్చి చెప్పేవాళ్లు తరచుగా ఉంటారు. వాళ్ల ఫోన్లు తీసి చూస్తే, చాలావరకు పొరపాటు ఇల్లు కదలకముందే జరిగిపోయి ఉంటుంది. ఇంట్లో వైఫై ఉన్నంతసేపూ మ్యాప్ నెట్ నుంచే వస్తుంది కనుక ఆ పొరపాటు అక్కడ బయటపడదు.

కాబట్టి కింద చెప్పబోయే సమస్యలన్నింటికీ ముందుగా చేయవలసిన పరీక్ష ఒకటుంది. బయల్దేరే ముందురోజు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆగిపోయిందో లేదో చూసుకొని, లొకేషన్ మాత్రం ఆన్‌లోనే ఉంచి, మ్యాప్ యాప్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి. తర్వాత వెళ్లవలసిన ఊరిని పేరుతో వెతికి, దారి వేయమని అడగాలి, ఆ దారి వెంట వేలితో జరుపుతూ చివరిదాకా పెద్దది చేసి చూడాలి. ఈ మూడూ జరిగితేనే మ్యాప్ మన చేతిలో ఉన్నట్టు లెక్క.

సమస్య: కొంతదూరం వెళ్లాక మ్యాప్ ఖాళీగా, మసకగా కనిపిస్తోంది

మొన్న మాఘమాసంలో మా మేనకోడలి పెళ్లికి శ్రీకాకుళం నుంచి కారులో బయల్దేరిన మా బావగారికి ఇదే జరిగింది. పాతపట్నం, పర్లాకిమిడి దాకా వీధులతో సహా కనిపించిన మ్యాప్, అక్కడ నుంచి గుణుపురం వైపు తిరిగేసరికి రెండు లావుపాటి గీతలు మాత్రమే మిగిలిన ఖాళీ పటంగా మారిపోయింది. ఆయన ఇంటికి చేరాక ఫోన్ తీసుకొని డౌన్‌లోడ్ చేసిన పటాల జాబితా తెరిచి చూశాను. పటం హద్దు చూపే నీలి గీత పర్లాకిమిడి ఊరికి సరిగ్గా పైన, అడ్డంగా పోతోంది. చతురస్రాన్ని వేలితో ఇంకొంచెం పైకి జరిపి ఉంటే సరిపోయేది. "ఊరు కనిపించింది కదా, చాల్లే అనుకున్నాను" అన్నారు బావగారు.

గూగుల్ మ్యాప్స్‌లో మనం ఎంచుకున్న చతురస్రం లోపలి వివరాలే ఫోన్‌లో దిగుతాయి. దాని బయట పెద్ద రోడ్లు, పెద్ద ఊళ్ల ఆనవాళ్లు తప్ప ఏమీ ఉండవు. అంతకుముందు చూసిన చోట్లు తాత్కాలికంగా ఫోన్ జ్ఞాపకంలో నిలిచి ఉండటం వల్ల, అసలు డౌన్‌లోడ్ చేయకపోయినా చేసినట్టే అనిపించడం ఇంకో మోసం. ఆ యాప్‌లో మన ప్రొఫైల్ బొమ్మ నొక్కి ఆఫ్‌లైన్ మ్యాప్స్ అనే చోటికి వెళ్లి, పాత పటాన్ని తీసివేసి, బయల్దేరే చోటు, చేరే చోటు, మధ్య దారి, ఇరువైపులా కనీసం ఒక తాలూకా అంత వెడల్పు పడేలా కొత్తది దింపుకోవాలి. దారి మూసేస్తే చుట్టు తిరిగి రావలసిన రోడ్డు కూడా అందులో ఉండాలి కనుక వెడల్పు విషయంలో పొదుపు పనికిరాదు.

పటం సరిగ్గానే దింపినా మాయమైపోయిందంటే రెండు కారణాలు చూడాలి. ఒకటి గడువు: ఈ పటాలకు గడువు తేదీ ఉంటుంది, అది పటం పేరు కిందే కనిపిస్తుంది, వైఫై దొరికినప్పుడు యాప్ దానంతట అదే తాజా చేసుకుంటుంది. ఇంట్లో వైఫై లేకుండా సిమ్ డేటాతోనే నడిపేవాళ్లు మాత్రం, డౌన్‌లోడ్ ఎంపిక 'వైఫైలో మాత్రమే' అని ఉంటే, తామే వెళ్లి అప్‌డేట్ నొక్కాలి. రెండోది, ఫోన్ నిండిపోయిందని సెట్టింగ్స్‌లో ఆ యాప్ స్టోరేజ్ మొత్తం చెరిపేయడం. క్యాష్ అనే తాత్కాలిక నిల్వను మాత్రమే చెరపాలి. డేటా చెరిపితే దింపుకున్న పటాలూ దాంతోపాటే పోతాయి.

సమస్య: ఊరి పేరు కొడితే దొరకడం లేదు, లేదా ఎక్కడికో చూపిస్తోంది

సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు ఈ ఇబ్బంది అందరికంటే ఎక్కువ. మనం బరంపురం అంటాం, మ్యాప్‌లో బ్రహ్మపుర్ అని ఉంటుంది. మనం పర్లాకిమిడి అంటే అది పారలాఖెముండి అంటుంది. మన జయపురాన్ని ఇంగ్లీషులో రాసే తీరు ఒకటి, రాజస్థాన్ రాజధాని జైపూర్‌ను రాసే తీరు ఇంకొకటి. నెట్ ఉన్నప్పుడు వెతుకులాట సర్వర్‌లో జరుగుతుంది కాబట్టి అక్షరం అటూ ఇటూ అయినా సర్దుకుపోయి కావలసిన ఊరినే చూపిస్తుంది. ఆఫ్‌లైన్‌లో ఫోన్‌లో దిగిన పేర్ల జాబితా ఒక్కటే ఆధారం, అందులో తెలుగు పేరు లేకపోతే ఎంత కొట్టినా దొరకదు.

రాయగడ పేరుతో వచ్చే తికమకకు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. నాగావళి ఒడ్డున, మజ్జిగౌరమ్మ గుడి ఉన్న రాయగడ ఒకటి, గజపతి జిల్లాలో ఒక బ్లాక్‌కు కేంద్రమైన రాయగడ మరొకటి. ఇవి కాక ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌గఢ్, మహారాష్ట్రలో రాయ్‌గఢ్ ఉన్నాయి. గుణుపురం నుంచి బయల్దేరిన మనిషికి జిల్లా కేంద్రం రాయగడ పడమర వైపు ఉంటుంది, గజపతి రాయగడ తూర్పు వైపు ఉంటుంది. పేరు మీద నమ్మకంతో దారి వేయించుకొని, జిల్లా పేరు చూడకుండా కదిలితే సగం రోజు పోతుంది.

ఇందుకు నేను అందరికీ చెప్పే పరిష్కారం పేరును వదిలేయడం. నెట్ ఉండగానే వెళ్లవలసిన చోటును మ్యాప్‌లో కనిపెట్టి, దానిమీద వేలు నొక్కి పట్టుకుంటే పిన్ను పడుతుంది. ఆ పిన్నును 'పెద్దనాన్నగారి ఇల్లు' అనో 'పీహెచ్‌సీ' అనో మనకు తెలిసే పేరుతో దాచుకోవాలి. అదే చోట కనిపించే అక్షాంశ రేఖాంశాలను కాగితం మీద కూడా రాసుకోవడం మంచిది. రాయగడ జిల్లాలో చాలా చోట్ల మొదటి అంకె 19తో, రెండోది 83తో మొదలవుతుంది. తారుమారు చేసి 83, 19 అని కొడితే పిన్ను ఆర్కిటిక్ మహాసముద్రంలో పడుతుంది కాబట్టి వరుస తప్పకూడదు. దశాంశ బిందువు తర్వాత రెండు అంకెలే రాసుకుంటే కిలోమీటరు దాకా తేడా వస్తుంది, నాలుగు అంకెలు రాసుకుంటే తేడా సుమారు 11 మీటర్లకు తగ్గుతుంది, అంటే దాదాపు గుమ్మం ముందు దిగినట్టే. చోటును అక్షరాలు, అంకెలతో తెలిపే ప్లస్ కోడ్ పంపేవాళ్లు ఊరి పేరు జోడించిన చిన్న కోడ్ కాకుండా 10 అక్షరాల పూర్తి కోడ్ పంపాలి, ఎందుకంటే చిన్న కోడ్‌ను విప్పాలంటే ఆ ఊరు ఎక్కడుందో యాప్‌కు ముందు తెలియాలి. వాట్సాప్‌లో వచ్చే లైవ్ లొకేషన్ మీద ఆధారపడితే, పంపినవాళ్లకు గానీ అందుకున్నవాళ్లకు గానీ సిగ్నల్ పోయిన క్షణమే అది ఆగిపోతుంది.

సమస్య: ఊరు కనిపిస్తోంది గానీ దారి వేయడం లేదు

గూగుల్ మ్యాప్స్ నెట్ లేకుండా వాహనం నడిపే దారిని మాత్రమే చెబుతుంది. కాలినడక, సైకిల్, బస్సు దారులు ఆఫ్‌లైన్‌లో రావు, ట్రాఫిక్ సమాచారమూ ప్రత్యామ్నాయ దారులూ ఉండవు. రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి కొండ మీది పల్లెకు నడిచి వెళ్లవలసిన ఆశా కార్యకర్తలకు, టీచర్లకు, సర్వే పనివాళ్లకు ఇది పెద్ద లోటు. వాళ్లు ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటాలతో నడిచే ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఓస్మాండ్ గానీ పెట్టుకుంటే కాలిబాటలు కూడా కనిపిస్తాయి, నడక దారి నెట్ లేకుండానే వస్తుంది. ఓస్మాండ్ ఉచిత రూపంలో దింపుకోగల పటాల సంఖ్యకు పరిమితి ఉంది. ఆర్గానిక్ మ్యాప్స్‌కు ఆ పరిమితి లేదు కనుక మొదటిసారి వాడేవాళ్లకు దాన్నే చెబుతాను.

ఈ యాప్‌లలో ఒడిశా పటం వేరు, ఆంధ్రప్రదేశ్ పటం వేరు. పార్వతీపురం నుంచి రాయగడకు గానీ, సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా పొట్టంగి, కొరాపుట్‌కు గానీ దారి కావాలంటే రెండు రాష్ట్రాల పటాలూ ఫోన్‌లో ఉండాలి. ఒకటే ఉంటే హద్దు దగ్గర దారి తెగిపోతుంది. రెండోదాన్ని దింపుకోమని యాప్ అడిగే సమయానికి మనం సిగ్నల్ లేని చోట ఉంటాం.

సమస్య: నీలి చుక్క కదలడం లేదు, లేదా నదికి అవతలి ఒడ్డున చూపిస్తోంది

నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదన్న అపోహ ఇప్పటికీ చాలామందిలో ఉంది. ఫోన్ ఉపగ్రహాల నుంచి సంకేతాలను అందుకుంటుందే తప్ప వాటికి ఏమీ పంపదు కనుక ఫ్లైట్ మోడ్‌లో కూడా మనం ఉన్న చోటు తెలుస్తుంది. అయితే ఉపగ్రహాలు ఏ క్షణాన ఎక్కడున్నాయో తెలిపే వివరాన్ని నెట్ ఉన్నప్పుడు ఫోన్ చిటికెలో తెచ్చుకుంటుంది. నెట్ లేనప్పుడు దాన్ని ఉపగ్రహం నుంచే వినాలి, అది సెకనుకు 50 బిట్ల నెమ్మదితో, ఒక్కో విడత 30 సెకన్ల చొప్పున వస్తుంది. మధ్యలో చెట్ల గుబురో కొండ చరియో అడ్డం వచ్చి ఆ విడత తెగిపోతే మళ్లీ తర్వాతి విడత కోసం ఆగాలి. కదిలే బండిలో, లోయలో ఫోన్ ఆన్ చేసి వెంటనే చుక్క రావాలనుకుంటే రాకపోవడానికి కారణం ఇదే.

బండి ఆపి, ఆకాశం బాగా కనిపించే చోట ఫోన్‌ను రెండు మూడు నిమిషాలు కదపకుండా పట్టుకుంటే చుక్క దానంతట అదే సర్దుకుంటుంది. ఇంకా మంచిది, సిగ్నల్ ఉన్న పట్టణంలోనే మ్యాప్ తెరిచి చుక్క నిలిచాక కదలడం; ఆ వివరం కొన్ని గంటలపాటు పనికొస్తుంది. చుక్క చుట్టూ పెద్ద లేత నీలి వలయం ఉంటే యాప్‌కు ఖచ్చితమైన లొకేషన్ అనుమతి ఇచ్చారో లేదో సెట్టింగ్స్‌లో చూడాలి. సుమారు లొకేషన్ అని ఎంచుకున్న ఫోన్‌లో ఎంత ఆగినా చుక్క కుదురుకోదు. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే కొన్ని ఫోన్లలో స్క్రీన్ ఆరగానే లొకేషన్ కూడా ఆగిపోతుంది. చుక్క సరైన చోటే ఉండి, అది చూస్తున్న దిక్కు మాత్రం తప్పుగా ఉంటే దోషం దిక్సూచిది. అయస్కాంతం ఉన్న కవరును, బండి హోల్డరును తీసివేసి, ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకె ఆకారంలో నాలుగైదుసార్లు తిప్పాలి.

సమస్య: సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా నెట్ రావడం లేదు

ఇది మ్యాప్ దోషం కాదు గానీ, అలా అనుకొని నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. ఆంధ్ర సర్కిల్‌లో తీసుకున్న సిమ్ ఒడిశాలోకి రాగానే ఫోన్ దాన్ని రోమింగ్‌గా లెక్కేస్తుంది. సిమ్ సెట్టింగ్స్‌లో డేటా రోమింగ్ ఆపి ఉంటే ఫోన్ కాల్స్ మామూలుగానే కలుస్తాయి, నెట్ మాత్రం రాదు. దాన్ని ఆన్ చేస్తే సరిపోతుంది.

సమస్య: మలుపు చెప్పే గొంతు వినిపించడం లేదు

తెలుగు గొంతు ఫోన్‌లో దిగి ఉండకపోతే నెట్ పోగానే అది మూగబోతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్ అనే చోట తెలుగు వాయిస్ డేటాను ముందే ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

సమస్య: బండి పోలేని దారిలోకి తీసుకెళ్లింది

అన్నింటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. మ్యాప్‌లో గీత ఉన్నంతమాత్రాన అక్కడ రోడ్డు ఉందని కాదు. అటవీ శాఖ జీపు బాట, వాగు దాటే రాళ్ల దారి, వేసవిలో మాత్రమే పనికొచ్చే మట్టిరోడ్డు కూడా కొన్నిసార్లు మామూలు రోడ్డుగానే నమోదై ఉంటాయి. యాప్‌కు దగ్గర దారే మంచి దారి కాబట్టి, వానాకాలంలో కూడా దాన్నే చూపిస్తుంది. ఆఫ్‌లైన్‌లో రోడ్డు మూసివేతల కబురు అందదు, వంతెన కొట్టుకుపోయినా తెలియదు. ఘాట్ మలుపుల్లో పట్టే సమయాన్ని కూడా తక్కువ లెక్కేస్తుంది కనుక, అది చెప్పిన గంటన్నరకు నేను మరో ముప్పావుగంట కలుపుకొని బయల్దేరతాను.

దారి వేసిన వెంటనే దాన్ని ముక్కలు చేయాలి. రాయగడ నుంచి కొరాపుట్ వెళ్లాలంటే నేరుగా కొరాపుట్ అని అడగకుండా, లక్ష్మీపురాన్ని మధ్య మజిలీగా పెడితే యాప్ జాతీయ రహదారిని వదలదు. శాటిలైట్ చిత్రం ఆఫ్‌లైన్‌లో దొరకదు, అందుకే నెట్ ఉండగానే దారిలో అనుమానం ఉన్న చోట్లను అందులో పెద్దది చేసి, వాగు మీద వంతెన ఉందో లేదో చూసుకోవాలి. దారిలో దిగి అడిగేటప్పుడు "ఈ రోడ్డు ఎక్కడికి పోతుంది?" అని కాకుండా "నిన్న ఈ దారిలో బస్సు వచ్చిందా?" అని అడగాలి. బస్సు తిరిగే దారి అయితే మన కారూ పోతుంది.

తప్పు దారిలో దిగిపోయామని తెలిసిన క్షణాన యాప్ మళ్లీ కొత్త దారి వేస్తుంది, అదీ అడవిలోంచే కావచ్చు. అప్పుడు ముందుకు వెళ్లకుండా వచ్చిన దారినే వెనక్కి తిరగాలి. ఓస్మాండ్‌లోనూ ఆర్గానిక్ మ్యాప్స్‌లోనూ మన జాడను రికార్డు చేసే సదుపాయం ఉంది, తారురోడ్డు వదిలే చోటే దాన్ని ఆన్ చేసి ఉంచితే చీకటి పడినా మనం వచ్చిన గీత తెరమీద కనిపిస్తూనే ఉంటుంది. ఇంటికి చేరాక ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ బాటను బండ్లు పోలేని బాటగా మార్చి పెడితే, పటం తర్వాతి అప్‌డేట్‌లో ఆ దిద్దుబాటు మన వెనక వచ్చేవాళ్ల ఫోన్లకు కూడా చేరుతుంది.