పాతకాలపు పింగాణీ పొడుం డబ్బాలను సేకరించడం ఎలా?

మన పెద్దలు రొంటిన దోపుకొన్న ముక్కుపొడుం కాయకూ, 18వ శతాబ్దంలో ఐరోపా దొరల చేతుల్లో మెరిసిన పింగాణీ డబ్బాకూ పని ఒకటే: పొడుము ఆరిపోకుండా, ఒలికిపోకుండా కాపాడటం. అందుకే ఆ డబ్బాకు మడతబందుతో బిగువుగా మూసుకొనే మూత ఉంటుంది. కొత్తగా సేకరించేవారు అడుగునున్న తయారీదారు గుర్తుకంటే ముందు ఆ మూతనే పరీక్షించాలి.

మొదట పరిధిని నిర్ణయించుకోండి. జర్మనీలో 1710లో మొదలైన మైసెన్, వియెన్నాలో 1718లో వెలసిన దు పాకియే, ఫ్రాన్స్‌లోని సాఁ-క్లూ, మెన్సీ కర్మాగారాలలో ఒకదాన్ని గానీ, రేవు దృశ్యాలు, పూలగుత్తులు వంటి ఒకే రకం చిత్రణను గానీ ఎంచుకోవచ్చు. కొనే ముందు కన్ను కుదరాలి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఐరోపా పింగాణీ ముందు ఒక మధ్యాహ్నం గడిపితే తెలుపులోని తేడాలు, బంగారు గీతల సన్నదనం తెలుస్తాయి.

తరువాత డబ్బాను చేతిలోకి తీసుకొని, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో నిదానంగా చూడండి. మూత తెరిచి లోపలి వైపు చూడటం మరవకూడదు. పైన మామూలు పూలుండి, లోపల యజమాని మాత్రమే చూసుకొనేలా రూపచిత్రమో ప్రణయ దృశ్యమో ఎంతో శ్రద్ధగా గీసిన డబ్బాలు ఉన్నాయి. పింగాణీ అంచుకూ, దాని చుట్టూ మడతబందును పట్టి ఉంచే లోహపు పట్టీకీ మధ్య సందు కనిపించినా, మూత వంకరగా కూర్చున్నా, పట్టీని తరువాత మార్చారేమోనని అనుమానించాలి. అంచున పెచ్చు లేచినచోట ఎర్రటి రాగి తొంగిచూస్తే అది పింగాణీ కాదు, రాగి మీది మీనాపని; ఇంగ్లండ్‌లోని బిల్‌స్టన్‌లో అటువంటివి విరివిగా తయారయ్యాయి. పింగాణీలోనూ గట్టి రకం విరిగినచోట గాజులా నున్నగా, మెత్తని రకం పంచదారలా గరుకుగా ఉంటుంది. తట్టి ఖంగుమనే మోత వినే పద్ధతిని ఇక్కడ నమ్మలేము, ఎందుకంటే లోహపు పట్టీ మోతను అణచివేస్తుంది.

ఒకదానికొకటి అడ్డంగా ఉన్న రెండు కత్తుల మైసెన్ గుర్తును చూసి మురిసిపోకండి. దాన్ని అనుకరించినవారు ఎందరో. అసలు డబ్బాలలో గుర్తు లేనివీ ఉన్నాయి. పారిస్‌లో 1845లో మొదలైన సామ్సన్ సంస్థ పాత పింగాణీకి నకళ్లు చేయడంలో పేరు పొందింది. వాటిని నకళ్లుగా తెలిసి, నకలు ధరకే కొంటే తప్పేమీ లేదు. నా ఉద్దేశంలో కొత్తవారికి అదే మంచి బడి. అతినీలలోహిత దీపం కింద అతుకులు, పైపూతలు చాలావరకు వేరే రంగులో బయటపడతాయి కాబట్టి, ఖరీదైన డబ్బాకు ఆ పరీక్ష తప్పనిసరి. మరమ్మతుల వివరాలను రసీదు మీదనే రాయించుకోండి. భారతదేశంలో కొన్నది నూరేళ్లు దాటిన పురావస్తువైతే, 1972 నాటి చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు దాన్ని విదేశాలకు తీసుకువెళ్లరాదు.

ఇంటికి తెచ్చాక డబ్బాను నీటిలో ముంచకండి. పట్టీ కిందికి తడి చేరుతుంది. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, ఎత్తేటప్పుడు మూతను కాక అడుగును, రెండు చేతులతో పట్టుకోండి.