మోకాలి చిప్ప సమస్యలు: ఎముక అమరికను సరిచేసే శస్త్రచికిత్స ఎప్పుడు అవసరం?

మోకాలి చిప్ప తొడ ఎముక కింది చివర ఉన్న గాడిలో పైకీ కిందికీ జారుతుంది. పైనుంచి దాన్ని తొడ ముందు కండరాలు లాగుతాయి. కింద అది ఒక బలమైన స్నాయువు ద్వారా కాలి ఎముక ముందు భాగంలోని చిన్న ఉబ్బుకు అతుక్కొని ఉంటుంది. వైద్యులు టిబియల్ ట్యూబర్‌కిల్ అనే ఈ ఉబ్బు గాడికి నేరుగా కింద కాకుండా బాగా బయటి వైపు ఉంటే, కండరం బిగిసిన ప్రతిసారీ చిప్ప బయటి వైపుకే లాగబడుతుంది. అందుకే నొప్పి చిప్ప దగ్గర తెలిసినా, అసలు లోపం దాని పైనో కిందో ఉండే అవకాశం ఉంది. ఆ లోపం ఎక్కడుందో కొలిచి తేల్చకుండా ఎముకను కోసే నిర్ణయం తీసుకోకూడదు.

చిప్ప పక్కకు తప్పుకుంటోంది

కాలు మెలిపడినప్పుడు చిప్ప బయటి వైపుకు తప్పుకొని, మోకాలు ఒక్కసారిగా వాచిపోతే, చిప్పను లోపలి వైపు పట్టి ఉంచే లిగమెంట్ దాదాపు ఎప్పుడూ తెగడమో సాగడమో జరిగి ఉంటుంది. ఇలా జరగడం మొదటిసారే అయితే, చిప్పను స్థానంలో పెట్టి, కొన్నాళ్లు బ్రేస్ వేసి, ఫిజియోథెరపీ చేయించడమే సాధారణ చికిత్స. అయితే మృదులాస్థి (జనం ‘గుజ్జు’ అనేది) ముక్క ఊడి కీలులో తిరుగుతున్నట్టు ఎంఆర్ఐలో కనిపిస్తే ఆ ముక్క కోసం వెంటనే శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

పదేపదే తప్పుకుంటున్నప్పుడు మాత్రం కొలతలు తప్పనిసరి. సిటీ స్కాన్‌లో గాడి లోతైన చోటుకూ కాలి ఎముక ఉబ్బుకూ మధ్య అడ్డంగా ఉన్న దూరాన్ని కొలుస్తారు. దీన్ని టీటీ-టీజీ దూరం అంటారు. ఇది 20 మిల్లీమీటర్లు దాటితే ఉబ్బును లోపలికి జరిపే శస్త్రచికిత్సను చాలామంది సర్జన్లు పరిశీలిస్తారు. 15 నుంచి 20 మధ్య ఉంటే మిగతా లక్షణాలన్నీ చూసి నిర్ణయిస్తారు. ఎంఆర్ఐలో ఇదే దూరం సిటీలో కంటే తక్కువగా వస్తుంది కాబట్టి, ఏ స్కాన్‌లో తీసిన కొలతో అడిగి తెలుసుకోవడం మంచిది. దూరం మామూలుగానే ఉండి లిగమెంట్ ఒక్కటే తెగిన వారికి లిగమెంట్‌ను తిరిగి నిర్మిస్తే సరిపోతుంది. అలాంటి వారికి ఎముకను కోయడం అనవసరమైన భారం.

కాలు దాదాపు నిటారుగా ఉన్నప్పుడే చిప్ప జారుతోంది

చిప్ప ఉండవలసిన దానికంటే ఎత్తులో ఉంటే, మోకాలు బాగా వంగేదాకా అది గాడిలోకి దిగదు. అందాకా దానికి ఎముక ఆసరా ఉండదు. పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో ఈ ఎత్తును కొలుస్తారు. చిప్ప కీలు ఉపరితలం కింది అంచు నుంచి కాలి ఎముక పై అంచుకు ఉన్న దూరాన్ని ఆ ఉపరితలం పొడవుతో భాగిస్తే వచ్చే కాటన్-డెషాంప్ నిష్పత్తి 1.2 దాటితే చిప్ప ఎత్తుగా ఉన్నట్టు పరిగణిస్తారు. దీనికి పరిష్కారం ఉబ్బును లోపలికి కాక కిందికి జరపడం. రెండు లోపాలూ ఉన్నవారికి రెండు దిశల్లోనూ జరుపుతారు.

తప్పుకోవడం లేదు, కానీ మెట్లెక్కినా గొంతుకూర్చున్నా నొప్పి

ఎక్కువ మంది ఈ ఫిర్యాదుతోనే వస్తారు, వీరిలో చాలామందికి శస్త్రచికిత్స అవసరం ఉండదు. తొడ ముందు కండరాలు, తుంటి కండరాలు బలహీనంగా ఉండటం, ఒక్కసారిగా వ్యాయామం పెంచడం వంటివి ఇందుకు కారణమవుతాయి. కొన్ని నెలల పాటు శ్రద్ధగా ఫిజియోథెరపీ చేశాకే తర్వాతి మెట్టు గురించి ఆలోచించాలి. నాలుగు వారాలు అరకొరగా చేసి ‘ఫిజియో పని చేయలేదు’ అనుకోవడం, నా దృష్టిలో, ఈ సమస్యలో రోగులు చేసే అతి పెద్ద పొరపాటు.

అప్పటికీ తగ్గకపోతే చిప్ప వెనుక మృదులాస్థి ఎక్కడ అరిగిందో చూడాలి. చిప్ప బయటి వైపో కింది భాగంలోనో అరిగి ఉంటే, ఉబ్బును లోపలికీ ముందుకీ కలిపి జరపడం వల్ల ఆ చోటి మీది ఒత్తిడి తగ్గుతుంది. లోపలి వైపో పై భాగంలోనో, లేదా చిప్ప అంతటా అరిగినవారికి అదే శస్త్రచికిత్స భారాన్ని అరిగిన చోటి మీదికే మళ్లించే ప్రమాదం ఉంది.

ఈ జాగ్రత్త వెనుక చేదు అనుభవం ఉంది. 1938లో హౌసర్ అనే సర్జన్ వివరించిన పద్ధతిలో ఉబ్బును లోపలికి జరిపేవారు. కాలి ఎముక అడ్డుకోత త్రికోణంలా ఉంటుంది కాబట్టి, ఉబ్బు లోపలికి జరుగుతూనే వెనక్కీ వెళ్లేది. చిప్ప మీద ఒత్తిడి పెరిగి, కాలక్రమంలో కీలు అరిగిపోయేది. తర్వాత మాకే అనే మరో సర్జన్ ఉబ్బును నేరుగా ముందుకు ఎత్తాడు; ఒత్తిడి తగ్గింది గానీ, బాగా ఎత్తిన చోట చర్మం మానక ఇబ్బందులు వచ్చాయి. 1983లో ఫుల్కర్సన్ ప్రచురించిన పద్ధతిలో కోత ఏటవాలుగా ఉంటుంది కాబట్టి, ఎముక ముక్క ఆ వాలు మీద జరిగి ఒకేసారి లోపలికీ ముందుకీ వస్తుంది. కోత నిటారుగా ఉన్నకొద్దీ ముందుకు జరగడం ఎక్కువ, పడుకున్నకొద్దీ లోపలికి జరగడం ఎక్కువ. అంటే ఆ కోణాన్ని ప్రతి రోగి మృదులాస్థినీ కొలతలనూ చూసి ఎంచుకోవాలి.

మోకాళ్లు లోపలికి తిరిగి ఉన్నాయి

పాదాలు ముందుకు చూస్తూ చిప్పలు ఒకదానికొకటి ఎదురుగా తిరిగి ఉంటే, తొడ ఎముకలోనే మెలిక ఎక్కువగా ఉండవచ్చు. పెద్దవారిలో ఈ మెలిక సుమారు 15 డిగ్రీలు ఉంటుంది. అది బాగా ఎక్కువైతే తొడ ఎముకను కోసి తిప్పి అమర్చవలసి రావచ్చు. మోకాళ్లు ఆనుకొని చీలమండలు దూరంగా ఉండేవారికి కూడా సవరణ తొడ ఎముక కింది భాగంలోనే ఎక్కువగా జరుగుతుంది. ఇలాంటి వారికి కాలి ఎముక ఉబ్బును మాత్రమే జరిపితే మూలకారణం అలాగే ఉండిపోతుంది. ఎదుగుతున్న పిల్లల్లో ఎదుగుదల పలక (ఎముక పెరిగే చోటు) ఇంకా తెరిచి ఉండగా ఉబ్బును కోస్తే, ఎముక ముందు భాగం ఎదగక మోకాలు వెనక్కి వంగే వైకల్యం రావచ్చు కాబట్టి ఆ పద్ధతిని చేయరు.

శస్త్రచికిత్స తర్వాత వచ్చే ఇబ్బందులు

ఉబ్బుతో సహా కొన్ని సెంటీమీటర్ల పొడవున్న ఎముక ముక్కను కోసి, కొత్త చోట సాధారణంగా రెండు స్క్రూలతో బిగిస్తారు. ఎముక అతకడానికి సుమారు 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఈలోగా చెప్పిన దానికంటే ముందే పూర్తి బరువు మోపితే కాలి ఎముక విరగవచ్చు. ఊతకర్రలు ఎప్పుడు వదలాలో నొప్పిని బట్టి కాక ఎక్స్‌రేను బట్టి, సర్జన్ సూచన మేరకు నిర్ణయించుకోవాలి. పొగతాగడం ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తుంది.

మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు స్క్రూ తలలు గుచ్చుకోవడం మామూలే. ఎముక పూర్తిగా అతికాక వాటిని తీసేయవచ్చు. కోత పక్కన చర్మం మొద్దుబారినా కంగారు పడనవసరం లేదు. మోకాలు వంగకపోతే బలవంతంగా వంచకుండా వెంటనే ఫిజియోథెరపిస్టును కలవాలి.

మొదటి రోజుల్లో మందులకు లొంగకుండా నొప్పి పెరుగుతూ, పిక్క రాయిలా బిగిసి, కాలివేళ్లు కదిపితే భరించలేనంత బాధ కలిగితే, అది కండరాల్లో ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ ఆగిపోతున్న స్థితి కావచ్చు. పిక్క వాచి నొప్పెడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, ఆయాసం కూడా తోడైతే ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు. ఈ రెండింటిలో దేనికైనా గంటలు కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎముక అతికిన తర్వాత కూడా చిప్ప తప్పుకుంటే, లిగమెంట్, గాడి లోతు, తొడ ఎముక మెలిక, చిప్ప ఎత్తు అన్నింటినీ మళ్లీ కొలవాలి. సరిచేయకుండా వదిలేసిన లోపం తరచూ వాటిలోనే దొరుకుతుంది. చిప్ప లోపలి వైపు కొత్తగా నొప్పి మొదలైతే మాత్రం, ఉబ్బును అవసరానికి మించి లోపలికి జరిపారా అని కూడా పరిశీలించాలి.