విమాన వాహక నౌక మోడల్ – 4వ పాఠం: డెక్ మీద వాడకం జాడలు

పోయిన పాఠంలో డెక్‌కి ముదురు బూడిద రంగు రెండు పలుచని పూతలు వేసి ఆరబెట్టాం. ఇప్పుడు మీ టేబుల్ మీదున్నది నిన్ననే షిప్‌యార్డ్ నుంచి బయటికొచ్చిన ఓడలా ఉంటుంది. ఒక్క విమానం కూడా దిగినట్టు కనిపించదు. ఈ వారం దాన్ని పనిలో పెడదాం.

బ్రష్ పట్టుకునే ముందు ఓ పొద్దున కోఠి బస్టాప్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడి రోడ్డు చూడండి. పాత తారు ఎండకి వెలిసి బూడిద రంగుకొచ్చి ఉంటుంది. గుంత పూడ్చిన చోట మాత్రం నల్లగా, అంచులు స్పష్టంగా కనిపిస్తాయి. బస్సులు ఆగే చోట నూనె చుక్కలు పడీ పడీ పొడుగాటి మరక కట్టి ఉంటుంది. టైరు గీతలు బస్సు వచ్చే దిక్కులోనే ఉంటాయి, అడ్డంగా ఉండవు.

డెక్ సంగతీ అంతే. విమానాలు, మనుషులు జారకుండా ఎపాక్సీలో గరుకు పొడి కలిపి డెక్ మీద పూత వేస్తారు. దాన్ని నాన్‌స్కిడ్ అంటారు. ఎండకీ ఉప్పుగాలికీ అది వెలుస్తుంది. అరిగిన చోట మళ్లీ పూస్తే ఆ ముక్క ముదురుగా తేలుతుంది. అందుకే మీరు పెట్టే ప్రతి మరకకీ ఒక కారణం ఉండాలి. ‘ఇక్కడేం జరిగింది?’ అంటే జవాబు చెప్పలేని మరక వెయ్యకండి.

మనం చేస్తున్న ఐఎన్‌ఎస్ విక్రాంత్ 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో నౌకాదళంలో చేరింది. పొడవు 262 మీటర్లు, అంటే 1/700 స్కేల్లో 37 సెంటీమీటర్ల పైచిలుకు. దాని ఉక్కును రూపొందించింది మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్. ఈ డెక్ మీద బ్రష్ పెట్టిన ప్రతిసారీ నాకు ఆ మాట గుర్తొస్తుంది. వయసు తక్కువ ఓడ కాబట్టి మరకలు తేలికగానే ఉండాలి.

ముందు వెలిసిన రంగు. పాత బూడిద రంగు నాలుగు చుక్కలకి ఇసుక రంగు ఒక చుక్క కలపండి. తెలుపు కలిపితే సుద్ద పూసినట్టు అవుతుంది, నాకు నచ్చదు. స్పాంజి ముక్కని ముంచి, కాగితం మీద దాదాపు ఆరేదాకా అద్ది, డెక్ మీద అక్కడక్కడా తాకించండి. తర్వాత టేపుతో మూడు నాలుగు చిన్న చతురస్రాలు కట్టి, అసలు రంగులో ఒక చుక్క నలుపు కలిపి వెయ్యండి. అవే కొత్త అతుకులు. తెల్ల గీతలు కూడా ఇప్పుడే వేసుకోండి, టేపు పద్ధతి రెండో పాఠంలో చెప్పిందే.

దాని మీద మెరిసే (గ్లాసీ) వార్నిష్ కొట్టి ఒక రోజు వదిలెయ్యండి. ముసురు పట్టిన రోజు మాత్రం వద్దు. గాల్లో తేమకి వార్నిష్ పాలు పోసినట్టు తెల్లబడుతుంది. జులైలో ఒకసారి తొందరపడి నేను వారం రోజుల పని పోగొట్టుకున్నాను.

ఇప్పుడు నూనె మరకలు. విమానాలని గొలుసులతో కట్టే గుంటలని సూదితో గుచ్చాం కదా, పని అక్కడే. నల్ల ఆయిల్ కలర్, బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు ఆయిల్ కలర్ చెరో బియ్యపు గింజంత తీసుకుని, సీసా మూతెడు టర్పెంటైన్‌లో కరిగించండి. కిటికీ తెరిచి ఉంచండి. గుండుసూది మొనతో ఒక్కో గుంటకి ఒక్క చుక్క తాకిస్తే చాలు, రంగు దానంతటదే గుంటలోకి పాకుతుంది. చుట్టూ సన్నని నల్ల వలయం ఏర్పడుతుంది. పావుగంట ఆగి, టర్పెంటైన్‌లో తడిపి పిండేసిన ఇయర్‌బడ్‌తో ఒకే దిక్కుకి తుడవండి. వలయం పోయి, తోకలాంటి పలుచని మరక మిగులుతుంది. మొదటి రెండు గుంటలకే ఇది చేతికి అలవాటైపోతుంది.

టైరు గీతలకి డెక్ గరుకుగా ఉండాలి, కాబట్టి ముందు మెరుపు లేని మ్యాట్ వార్నిష్ కొట్టండి. ఫైటర్ విమానం చక్రం సుమారు అడుగు వెడల్పు. మన స్కేల్లో అర మిల్లీమీటరు కూడా రాదు. బాగా చెక్కిన 2బి పెన్సిలుతో చెయ్యి ఒత్తకుండా లాగండి. విమానం కొక్కేన్ని పట్టి ఆపే తీగలు మూడున్నాయి. గీతలు వాటి దగ్గర చిక్కగా మొదలై ముందుకి పోయేకొద్దీ పలచబడాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. విమానం దిగే దారి ఓడ పొడవుకి సమాంతరంగా ఉండదు, ఎడమవైపుకి ఏటవాలుగా ఉంటుంది. నా మొదటి మోడల్‌లో గీతలన్నీ ఓడ ముక్కు వైపుకి లాగేశాను, డెక్ మొత్తం మళ్లీ వేయాల్సొచ్చింది. స్కేలుని ఆ దారి మధ్య గీతకి ఆనించి పెట్టుకుని గీస్తే ఈ తప్పు జరగదు.

వచ్చే పాఠంలో టేకాఫ్ మొదలయ్యే చోట జెట్ మంటకి కమిలిన మచ్చలు వేద్దాం. అప్పటిదాకా మోడల్ మీద ఒక అట్టపెట్టె బోర్లించి ఉంచండి, దుమ్ము పడకుండా.