తిక్క ఓనర్ హోటల్లో ఇబ్బంది పడకుండా తినడం ఎలా

కొన్ని హోటళ్ళుంటాయి, వంటా ఓనరే గల్లా ఓనరే, గోడ నిండా చేత్తో రాసిన రూల్స్, మెనూకి తలా తోకా ఉండదు, మనం అడిగే తీరు నచ్చకపోతే లేదు పొమ్మంటారు, అయినా జనం మళ్ళీ మళ్ళీ అక్కడికే పోతారు. నాకైతే ఇలాంటి చోట్లంటే ప్రాణం, ఎందుకంటే అక్కడ పెట్టే ప్రతి ప్లేటులోనూ ఆ ఒక్క మనిషి ఇష్టం, పంతం కనిపిస్తాయి. కాకపోతే ఎలా మసులుకోవాలో తెలిసి వెళ్ళాలి.

ముందు ఆ రూల్స్ చదవండి, ఇదెందుకు పెట్టుంటారా అని కాస్త ఆలోచించండి. న్యూయార్క్‌లో కెన్నీ షాప్సిన్ అని ఒక హోటల్ ఓనర్ ఉండేవారు, 2018లో పోయారు. ఐదుగురు కలిసి వస్తే ఆయన కూర్చోనిచ్చేవారు కాదు, ముగ్గురూ ఇద్దరూగా విడిపోయి మేం వేరే వాళ్ళు వేరే అన్నా నడిచేది కాదు. వినడానికి పొగరులా ఉంటుంది గానీ మెనూలో వందల ఐటమ్స్ పెట్టుకుని చిన్న కిచెన్‌లో పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి ఒకే టేబుల్ నుంచి ఐదు రకాల ఆర్డర్లు పడితే మిగతా వాళ్ళ తిండి ఆగిపోదూ? చాలా చోట్ల తిక్కలా కనిపించేది వంటింటి ఇబ్బందే. అందుకే ఒక్కరో ఇద్దరో వెళ్ళండి, అదీ రద్దీ లేని టైంలో.

క్యూలో ఉండగానే ఏం కావాలో తేల్చేసుకోండి. అదే న్యూయార్క్‌లో అల్ యెగానే 1984లో మొదలుపెట్టిన సూప్ షాపులో రూల్స్ చాలా ఫేమస్: ఏ సూపో ముందే అనుకోవాలి, డబ్బులు రెడీగా పెట్టుకోవాలి, ఆర్డర్ చెప్పగానే బాగా ఎడమ వైపుకి జరగాలి. మీ ముందున్న రెగ్యులర్ కస్టమర్‌ని చూడండి, మెనూ వైపు తలెత్తడు, నోట్లు అప్పటికే చేతిలో ఉంటాయి, ఒక్క ముక్కలో చెప్పి పక్కకి తప్పుకుంటాడు. అచ్చం అలాగే చేయండి, చాలు.

అది తీసెయ్యండి ఇది కలపండి అని మార్పులు అడక్కండి. అలర్జీ ఉంటే మాత్రం మొహమాటపడకుండా కూర్చోకముందే చెప్పండి, కుదరదంటే వచ్చేయండి. ఫోటోలకి అడిగి తీరాలి.

ఇంకోటి, నిజం తిక్కకీ నటనకీ తేడా చూసుకోండి. షికాగోలో ఎడ్ డెబెవిక్స్, 2021లో సిడ్నీలో మొదలైన కారెన్స్ డైనర్ లాంటి చోట్ల స్టాఫ్ కావాలనే దురుసుగా మాట్లాడతారు, అదే అక్కడి షో. సరదాకి ఓకే, నాకు మాత్రం ఎక్కదు. నిజమైన తిక్క ఓనర్ మన మీద జోకులేసే పనిలో ఉండరు, చూపంతా పొయ్యి మీదే, కోపం వచ్చినా వేడివేడిగా పెట్టింది చల్లారబెట్టి ఫోన్ చూసుకుంటున్నామనే వస్తుంది. అలా కాకుండా మీ రంగు, భాష, బట్టల గురించి మాటొస్తే అది తిక్క కాదు, అవమానం, లేచి వచ్చేయండి, ఎంత రుచైనా అక్కర్లేదు.

తిన్నాక ఊరికే సూపర్ అనకుండా ఏది నచ్చిందో అది చెప్పండి, రెండోసారి వెళ్ళినప్పుడు గుర్తుపడతారు. టైమింగ్స్ మాత్రం ఓనర్ మూడ్‌ని బట్టే, కాబట్టి బయల్దేరే ముందు ఒక ఫోన్ కొట్టండి, ఎత్తకపోతే దగ్గర్లో ఇంకో హోటల్ చూసి పెట్టుకునే వెళ్ళండి.