ప్రపోజల్ రాసే ముందు గేటు దగ్గర కూర్చోండి
మిర్చి సీజన్ వస్తే మా గుంటూరు కోల్డ్ స్టోరేజీ ముందు లారీలు బారులు తీరతాయి. లారీలు తూచడానికి రెండో కాటా కావాలని నాలుగు పేజీలు రాసిస్తే ఓనరు గారు సొరుగులో పడేశారు. ఈసారి 6 రోజులు వాచ్‌మన్ పక్కన కుర్చీ వేసుకుని, ఒక్కో లారీ వచ్చిన టైమూ కాటా ఎక్కిన టైమూ పాత క్యాలెండరు వెనక రాశాను. ఆ ఆలస్యానికి మేం కట్టిన హాల్టింగ్ డబ్బులు, ఓవర్‌టైము కూడి, ఆ రూపాయల అంకెను మొదటి లైన్లోనే పెట్టాను. కింద రెండే దారులు: కొత్త కాటా, లేదా ఏ లారీ ఎప్పుడు రావాలో టైము వేసిన టోకెన్లు. ఒక్కోదానికి ఖర్చెంత, నెలకు మిగిలేదెంత. ఖర్చును నెలకు మిగిలేదానితో భాగిస్తే ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో తెలుస్తుంది. అంతా ఒక్క పేజీ. ఈసారి చదివారు (టోకెన్లకే ఒప్పుకున్నారనుకోండి).

అంకెలు ముందు అకౌంటెంటుకు చూపించండి. సీజన్ వారం లెక్కను 12 నెలలకూ గుణించారో, అక్కడే దొరికిపోతారు.