బ్రేకు తొక్కితే కారు ఎడమకి లాగేస్తోందా?

అమలాపురం నుంచి రావులపాలెం దారిలో బ్రేకు తొక్కినప్పుడల్లా కారు ఎడమకి లాగేసేది. ఇంటికొచ్చి చూస్తే ముందు ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన, చెయ్యి దగ్గర పెడితేనే సెగ. కుడిది మామూలుగానే ఉంది.

గట్టి నేల మీద జాకీ ఎత్తి, స్టాండు పెట్టి చక్రం విప్పాను. లోపలి బ్రేకు ప్యాడు (చక్రంతో తిరిగే డిస్కుని నొక్కి ఆపే దిమ్మ) వెనక రేకు దాకా అరిగింది, బయటిది సగానికి పైనే ఉంది. ప్యాడుని తోసే పిస్టన్ నొక్కితే సాఫీగా వెళ్ళింది. అంటే క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కు మీద నొక్కే భాగం) అటూ ఇటూ జరగడానికి ఉండే పిన్ను పట్టేసిందన్నమాట. పిన్ను మీది రబ్బరు బూటు (తొడుగు) చిరిగి, బురదనీరు దిగి, పిన్ను ఎర్రగా తుప్పుపట్టి ఉంది. కాలవ గట్ల మీద తిరిగే బళ్ళకి వానాకాలం తర్వాత ఇది తప్పక చూసుకోవాలి.

పిన్నులు, బూట్లు కొత్తవి వేసి సిలికాన్ గ్రీజు రాశాను. మామూలు గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. ప్యాడ్లు మాత్రం ఎడమ, కుడి ముందు చక్రాలు రెండింటికీ మార్చండి. బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి.