తాగుడుతో లివర్ చెడినవారికి ఇంట్లోవాళ్లు లివర్ ఇవ్వాలనుకుంటే

దాత ఎవరో తేల్చే ముందు మందు మాన్పించాలి. చిత్తూరు వైపు చాలామంది నేరుగా కాణిపాకం తీసుకెళ్లి ప్రమాణం చేయిస్తారు. మంచిదే. కానీ రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ వెనకే మతి తప్పడం రావచ్చు. ముందు ఆసుపత్రిలో చేర్చండి, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు పడనివ్వండి. ప్రమాణం ఆ తర్వాత.

మానేసిన మూడు నెలల్లో కొందరి లివర్ ఎంత కోలుకుంటుందంటే, మార్పిడి అవసరమే ఉండదు. మందు మానేశాక మార్పిడికి ఆరు నెలలు ఆగమని డాక్టర్లు అనడం వెనకున్న కారణాల్లో ఇదొకటి. అలాగని లివర్ ఎంత చెడిందో రక్తపరీక్షలతో లెక్కగట్టే మెల్డ్ స్కోరు 15 దాటి ఇంకా పెరుగుతుంటే నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవద్దు, వెంటనే మార్పిడి చేసే చోట చూపించండి. మానేశామన్న మాట ఒక్కటే అక్కడ చాలదు. మూత్రంలో ఈటీజీ పరీక్ష రెండు మూడు రోజుల కిందటి తాగుడును, రక్తంలో పెత్ పరీక్ష రెండు నుంచి నాలుగు వారాల కిందటిదాన్ని బయటపెడతాయి.

కామెర్లని పథ్యం పెట్టి పప్పు, గుడ్డు, పెరుగు ఆపేస్తారు. అదే పెద్ద పొరపాటు: కండ కరిగి, ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్లకు లొంగిపోతారు. 60 కిలోల మనిషికి రోజుకు 72 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ కావాలి. పడుకునే ముందు పాలు పోసిన రాగి జావ ఇవ్వండి. కడుపులో నీరుంటే ఊరగాయ, అప్పడం బంద్. పసరు మందు అసలే వద్దు.

దాతకు 18 నిండాలి, బ్లడ్ గ్రూపు సరిపోవాలి, లివర్‌లో కొవ్వు ఎక్కువుండకూడదు. కొవ్వుంటే కొన్ని వారాలు బరువు తగ్గి మళ్లీ పరీక్ష చేయించుకోవచ్చు. సీటీ స్కాన్‌లో కొలిచాక, ఇచ్చే ముక్క రోగి బరువులో సుమారు 0.8 శాతం రావాలి: 70 కిలోలకు 560 గ్రాములు. బరువు లెక్కలో కడుపులోని నీరు తీసేయాలి. దాతకు కనీసం 30 శాతం లివర్ మిగలాలి. ప్రాణాపాయం తక్కువే గానీ లేకపోలేదు, అందుకే డాక్టరు దాతతో ఒంటరిగా మాట్లాడతారు. దాత భార్యే అయినా సరే, లివర్ ఇవ్వనని ఆ గదిలో చెప్పేయవచ్చు.

1994 నాటి అవయవ మార్పిడి చట్టం (2011 సవరణతో) ప్రకారం దగ్గరి బంధువులంటే భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, అవ్వాతాతలు, మనవళ్లు, మనవరాళ్లు. బావమరిది, అల్లుడు, మేనల్లుడు ఇందులోకి రారు. వాళ్లిస్తే, దానాన్ని పరిశీలించే ఆథరైజేషన్ కమిటీ అనుమతి, వేలూరుకో చెన్నైకో వెళ్తే తహసీల్దారు నివాస ధృవీకరణ కావాలి. పెళ్లయిన కూతురు ఇస్తుంటే ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటిది ఉంటాయి. ఫైలు ఆగేది తరచూ అక్కడే, ముందే సరిచేయించండి.